ప్రజా రవాణాలో మాస్కు నిబంధన: చరిత్ర

అంటురోగం ప్రబలిన రోజుల్లో బస్సు, రైలు, ట్రాం, విమానం ఎక్కేవాళ్లు ముక్కూ నోరూ కప్పుకోవాలన్న నియమానికి వందేళ్లు దాటాయి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అమెరికా నగరాల్లో ఇది ట్రాంల దాకా వచ్చింది. కోవిడ్-19 కాలంలో దాదాపు ప్రపంచమంతటా అమలైంది. ఇతర చోట్ల మాస్కు ఐచ్ఛికమైన తర్వాత కూడా పలు దేశాల్లో వాహనాల్లో మాత్రం తప్పనిసరిగానే కొనసాగింది. నియమం పెట్టింది ప్రభుత్వాలే అయినా, ఎక్కేవాళ్లను గుమ్మం దగ్గర ఆపాల్సిన పని మాత్రం కండక్టర్లు, డ్రైవర్లు, విమాన సిబ్బంది మీద పడింది.

ఆపరేషను గది నుంచి రైలు దారికి

మాట్లాడేటప్పుడు నోటి నుంచి వెలువడే సన్నని తుంపరలు సూక్ష్మజీవులను మోసుకుపోతాయని 1897లో బ్రెస్లావ్ నగరంలో (నేటి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్) కార్ల్ ఫ్లూగె నిరూపించారు. అదే ఏడాది, అదే ఊళ్లో యోహాన్ మికులిచ్ అనే శస్త్రవైద్యుడు గాజుగుడ్డ మాస్కు కట్టుకుని ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టారు.

మాస్కు ఆసుపత్రి గడప దాటింది ఈశాన్య చైనాలోని మంచూరియాలో. 1910-11 చలికాలంలో అక్కడ ఊపిరితిత్తుల ప్లేగు సుమారు 60 వేల మందిని బలిగొంది. చైనా కొత్త సంవత్సరం పండక్కి ఇళ్లకు మళ్లిన వలస కూలీలతో పాటు జబ్బు కూడా రైలు దారి వెంట హార్బిన్ నుంచి ముక్డెన్ దాకా పాకింది. పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన డాక్టర్ వూ లియెన్-తే ఈ ప్లేగు గాలి ద్వారా సోకుతోందని చెప్పి, గాజుగుడ్డ పొరల మధ్య దూది పెట్టి కుట్టిన మాస్కు కట్టుకోమన్నారు. ఆ మాట కొట్టిపారేసి మాస్కు లేకుండా రోగులను పరీక్షించిన ఫ్రెంచి వైద్యుడు మెనీ కొద్ది రోజులకే అదే జబ్బుతో చనిపోయారు. రోగులతో కలిసి మెలిసి తిరిగిన వాళ్లను విడిగా ఉంచడానికి వూ రైలు పెట్టెలనే వాడుకున్నారు.

1918: ట్రాం మెట్టు మీద

అమెరికాలోని సియాటిల్ 1918 అక్టోబరు చివర్లో మాస్కు లేనివాళ్లను ట్రాం ఎక్కనివ్వొద్దని ఉత్తర్వు ఇచ్చింది. అక్కడి రెడ్‌క్రాస్ శాఖలో 120 మంది మూడు రోజుల్లో 2,60,000 మాస్కులు కుట్టారు. నాటి ఫొటో ఒకటి తర్వాత ప్రపంచ ప్రసిద్ధమైంది. అందులో మాస్కు కట్టుకున్న కండక్టరు ట్రాం గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఎక్కబోతున్న మనిషి ముఖం మీద మాస్కు ఉండదు.

శాన్ ఫ్రాన్సిస్కో ఊరంతటికీ మాస్కు తప్పనిసరి చేసి నవంబరులో ఎత్తేసింది. జబ్బు తిరగబెట్టడంతో 1919 జనవరిలో మళ్లీ పెట్టింది. ఈసారి మాస్కు వ్యతిరేక సంఘమే పుట్టుకొచ్చింది. నెల తిరక్కుండానే ఆ ఉత్తర్వూ రద్దయింది.

జపాన్‌లో ప్రచారమే ప్రధానంగా సాగింది. మాస్కు లేకుండా తిరిగేవాళ్లు ప్రాణాలను లెక్కచేయనివాళ్లేనని రైలు పెట్టె బొమ్మతో హెచ్చరించే పోస్టరును ప్రభుత్వ ఆరోగ్య విభాగం వేయించింది.

2003, 2009

2003లో సార్స్ అనే శ్వాసకోశ వ్యాధి వచ్చినప్పుడు తైవాన్ రాజధాని తైపే మెట్రోలో మాస్కు తప్పనిసరి అయింది. 2009 ఏప్రిల్‌లో హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) బయటపడినప్పుడు మెక్సికో నగరంలో సైనికులు మెట్రో ప్రయాణికులకు మాస్కులు పంచారు. ఆ జబ్బు భారత్‌లో మొదట నిర్ధారణ అయింది మే నెలలో హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి విమానంలో దిగిన ఒక ప్రయాణికుడిలో.

కోవిడ్-19

2020 జనవరి 19న చైనాలోని నింగ్‌బో నుంచి ఒక మతపరమైన కార్యక్రమానికి రెండు బస్సులు వెళ్లాయి. ఒకదానిలో 68 మంది ఉండగా, వారిలో ఒకరికి అప్పటికే వైరస్ సోకి ఉంది. ఎవరికీ మాస్కు లేదు. ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి వదులుతోంది. ఆ బస్సులో మరో 23 మందికి జబ్బు అంటింది. దూరపు సీట్లలో కూర్చున్న వాళ్లూ వారిలో ఉన్నారు. 60 మంది వెళ్లిన రెండో బస్సులో ఎవరికీ సోకలేదు. వాహనంలో ఎడం పాటిస్తే చాలదని చెప్పడానికి ఈ అధ్యయనాన్ని తరచుగా ఉదహరిస్తారు.

సామాన్య ప్రజలకు మాస్కు అక్కర్లేదని తొలినాళ్లలో చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్ 5న మాట మార్చి, ప్రజా రవాణా వంటి చోట్ల గుడ్డ మాస్కులు వాడాలని సూచించింది. అప్పటికే తైవాన్, జర్మనీ, స్పెయిన్, ఫ్రాన్స్, దక్షిణ కొరియా నియమం తెచ్చాయి. ఇంగ్లాండులో అది జూన్ 15న మొదలైంది. అమెరికాలో తొలుత విమాన సంస్థలే సొంతంగా నిబంధన పెట్టుకున్నాయి. 2021 ఫిబ్రవరిలో గానీ కేంద్ర స్థాయి ఉత్తర్వు అమల్లోకి రాలేదు.

భారత్‌లోనూ తెలుగు రాష్ట్రాల్లోనూ

కేంద్ర హోంశాఖ 2020 ఏప్రిల్ 15న బహిరంగ ప్రదేశాల్లో మాస్కు తప్పనిసరి చేసింది. లాక్‌డౌన్ సడలింపుల్లో భాగంగా మే 12న ప్రత్యేక రైళ్లు, 25న దేశీయ విమానాలు ఆ షరతుతోనే కదిలాయి. తెలంగాణలో జిల్లా బస్సులు మే 19న, ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సులు 21న రోడ్డెక్కాయి. హైదరాబాద్ మెట్రో సెప్టెంబరు 7న, సిటీ బస్సులు 25న తిరిగి మొదలయ్యాయి. కొనుక్కున్న మాస్కు లేనివాళ్లకు కర్చీఫు, తువాలు, చున్నీ ఆ పని చేశాయి. అయితే ఎక్కేటప్పుడు ముక్కు మీదున్న మాస్కు టికెట్టు తీసుకునేసరికి గడ్డం కిందికి జారేది. కండక్టర్లకు అది నిత్యం ఉండే తగవు.

2021లో కోవిడ్ రెండో ఉధృతిలో జరిమానాలు పెరిగాయి. తెలంగాణలో బహిరంగ ప్రదేశాల్లో మాస్కు లేకపోతే రూ.1,000 వసూలు చేశారు. రైల్వే బోర్డు 2021 ఏప్రిల్ 17న రైళ్లలో, స్టేషన్లలో రూ.500 దాకా జరిమానా ప్రకటించింది. ఇందుకు వాడుకున్నవి రైల్వే ఆవరణల పరిశుభ్రతకు సంబంధించిన 2012 నాటి నియమాలు. అంతకు నెల ముందు, కోల్‌కతా నుంచి ఢిల్లీకి వస్తున్న విమానంలో ప్రయాణికుల మాస్కులు సరిగా లేకపోవడం కళ్లారా చూసిన ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ఒకరు తనంతట తానుగా (సుమోటో) కేసు చేపట్టారు.

అమలు, అభ్యంతరాలు

అమలు చేయబోయి ప్రాణం పోగొట్టుకున్న వాళ్లూ ఉన్నారు. 2020 జులైలో ఫ్రాన్స్‌లోని బయోన్‌లో మాస్కు పెట్టుకోమన్నందుకు, టికెట్టు అడిగినందుకు ఒక బస్సు డ్రైవరును తీవ్రంగా కొట్టారు. కొద్ది రోజులకు ఆయన చనిపోయారు. అమెరికాలో వివాదం కోర్టుకెక్కింది. ఆరోగ్య సంస్థ సీడీసీ చట్టం ఇచ్చిన అధికారాన్ని మించిపోయిందంటూ ఫ్లోరిడాలోని ఫెడరల్ న్యాయమూర్తి 2022 ఏప్రిల్ 18న ఉత్తర్వును కొట్టేశారు. ఆ కబురు గాల్లో ఉన్న విమానాలకూ చేరింది. పైలట్లు మైకులో చెప్పగానే కొందరు కేరింతలు కొట్టారు. ప్రయాణం మధ్యలో షరతు మారడమేమిటని కొందరు మండిపడ్డారు.

నిబంధన వల్ల ఎంత మేలు జరిగిందో విడిగా లెక్కగట్టడం కష్టం. తెరిచిన కిటికీలు, తగ్గించిన సీట్లు, టీకాలు, జనం ప్రయాణాలు మానుకోవడం అన్నీ ఒకేసారి పనిచేశాయి. మాస్కు రకం, అది ముఖానికి అమరిన తీరు కూడా ఫలితాన్ని మారుస్తాయి.

ఉపసంహరణ

భారత విమానాల్లో 2022 నవంబరు 16న నిర్బంధం పోయి, సలహాగా మిగిలింది. 2023లో జర్మనీ దూరప్రాంత రైళ్లలో ఫిబ్రవరి 2న, స్పెయిన్ 8న, సింగపూర్ 13న, దక్షిణ కొరియా మార్చి 20న, తైవాన్ ఏప్రిల్ 17న నిబంధన ఎత్తేశాయి. జపాన్‌లో ఎత్తేయడానికి చట్టమంటూ ఏదీ లేదు. పెట్టుకోవడం, మానడం ఎవరిష్టం వారిదని ప్రభుత్వం మార్చి 13న ప్రకటించింది. ఆ తర్వాత కూడా అక్కడి రైళ్లలో చాలామంది ముఖాన మాస్కు ఉంది.