ఏకగ్రంథపఠనము: హైదరాబాదు హెబ్రోను చరిత్రమునఁ గాపరి చదువును గూర్చిన విచారము

విద్య నాలుగు కాలములయం దుపయుక్తమగునని పతంజలి మహాభాష్యమున పస్పశాహ్నికమందుఁ జెప్పియున్నాఁడు. గురువువలన గ్రహించుట ఆగమకాలము. గ్రహించినదానిని దనకుఁదానై మరల మరలఁ జదివికొనుట స్వాధ్యాయకాలము. ఇతరులకు బోధించుట ప్రవచనకాలము. నేర్చినదాని ననుష్ఠానమునకుఁ దెచ్చుట వ్యవహారకాలము. ఈ విభాగము వ్యాకరణాధ్యయనమును బురస్కరించికొని చెప్పఁబడినదైనను, చదివి బోధించు ప్రతివానికిని వర్తించును. ఒకని చదువునఁ గల బలాబలములు ఏ కాలమున నేర్పడినవో నిర్ణయించుట కింతకంటె మంచి కొలమానము లేదు.

క్రైస్తవసంఘమున బోధకుఁడగువానిని దెలుఁగున "కాపరి" యందురు. మందను గాచువాఁడని దాని యర్థము. "పాస్టరు" అను మాటకును లాటినుభాషలో నిదియే యర్థము. కాపరికిఁ బ్రవచనము వృత్తిధర్మము. కావున నతఁడేమి చదివెను, ఎట్లు చదివెను, తనవారిచే నేమి చదివించెను అను ప్రశ్నలు మతచరిత్రకు మాత్రమే చెందినవి కావు, దేశభాషాచరిత్రకును జెందినవి. తెలుఁగున మొదట నచ్చుపడిన పుస్తకములు క్రైస్తవబోధకుల కృషిఫలములేయని తలంచినప్పుడు ఈ విచారము వాఙ్మయపరిశోధకులకుఁ బరాయిది కాదని తేలును.

హైదరాబాదు నగరమునఁ జిక్కడపల్లికిఁ జేరువగా, ముషీరాబాదు దారిలో, గోల్కొండ చౌరస్తాయొద్ద "హెబ్రోను" అను ప్రార్థనాస్థానము గలదు. దానికి మూలపురుషుఁడు భక్తసింగు. ఆ సంఘములవారు కాపరియను బిరుదమును వాడరు. ఆయనను సహోదరుఁడనియే వ్యవహరించిరి. బిరుదము లేకున్నను ఆయన చేసినది కాపరి పనియే. ఆయన చదువు మిక్కిలి విచిత్రమైనది. ఏలయన, నది యొక్క గ్రంథమునకుఁ బరిమితమైనది.

భక్తసింగు 1903వ సంవత్సరము జూను 6వ తేదీని, నేఁడు పాకిస్థానమునఁ జేరిన పంజాబుభాగమున, సర్గోధా ప్రాంతమందలి జోయియా గ్రామమున సిక్కుకుటుంబమున జన్మించెను. క్రైస్తవుల పాఠశాలలోఁ జదివినను ఆ మతమున నాయనకు విముఖతయే యుండెను. ఇంటర్మీడియేటు పరీక్షయం దుత్తీర్ణుఁడైనపుడు ఆయనకొక బైబిలు బహుమానముగా వచ్చెను. తోలుతోఁ గట్టిన యట్ట మిక్కిలి చక్కనిదగుటచే దానిని మాత్రము దాఁచికొని, లోపలి పత్రముల నన్నిటిని జించివైచితినని ఆయనయే తరువాత సాక్ష్యమునఁ జెప్పెను. అట్టయందు మక్కువయు, అక్షరమునందు ద్వేషమును! పుస్తకచరిత్రమున నిట్టి విపర్యయ మరుదు. పంజాబున సిక్కుకుటుంబముననే 1889లోఁ బుట్టిన సాధు సుందరసింగు 1904లో సువార్తగ్రంథమును దగులఁబెట్టి, పిమ్మట దానికే దాసుఁడయ్యెను. ఒకఁడు కాల్చినదియు నొకఁడు చించినదియు నొక్క గ్రంథమే. తుదకు వా రిరువురిని వశపఱచికొన్నదియు నదియే.

1926లో భక్తసింగు ఇంజనీరింగు విద్యకై ఇంగ్లండున కేఁగెను. అటనుండి కెనడాకుఁ బోయి విన్నిపెగు పట్టణమున వ్యవసాయయంత్రవిద్య నభ్యసించెను. 1929 డిసెంబరున, ఆ మంచుదేశమున, నొక మిత్రునిఁ జదువుటకు బైబిలు నిమ్మని యడిగెను. ఆ మిత్రుఁడు తన జేబునుండి చిన్న క్రొత్తనిబంధనమును దీసి యిచ్చెను. ఆ రాత్రి మొదలిడిన చదువు తెల్లవాఱుజామువఱకు సాగెను. యోహాను సువార్త మూఁడవ యధ్యాయమునఁ జదివినమాటలు తన హృదయమును మార్చినవని ఆయన చెప్పికొనెను. నాఁటినుండి వార్తాపత్రికలను, నవలలను, తక్కిన పుస్తకములను విడిచి, తీఱికవేళలన్నియు బైబిలు చదువుటకే వినియోగించెను. కొలఁది నెలలలో దానిని ఆద్యంతముగఁ బూర్తిచేసి, మరల మొదలిడెను. 1932 ఫిబ్రవరిలో వాంకూవరున బాప్తిస్మము పొంది, 1933లో బొంబాయి చేరెను.

ఇచట ఆగమకాలమును గూర్చి యొక సందేహము పుట్టును. మన సంప్రదాయమున విద్యకు గురుముఖము ప్రధానము. పాణినీయశిక్ష పాఠకాధముల నాఱుగురిని బేర్కొనుచు వ్రాఁతను జూచి చదువువానిని, అర్థ మెఱుఁగక చదువువానిని అందుఁ జేర్చినది. భక్తసింగు చదువు వ్రాఁతనుజూచి చదివినదే, గురూపదేశపూర్వకము కాదు. అయినను శిక్ష నిందించినది స్వరవర్ణములను గురువునొద్ద నేర్వవలసిన వేదపాఠవిషయమున. క్రైస్తవగ్రంథమునం దుచ్చారణనియమము ప్రధానము కాదు, అర్థమే ప్రధానము. కావున శిక్షోక్తదోషములలో మొదటిది యిచ్చటఁ దగులదు. రెండవది మాత్రము తగులుటకు వీలున్నది. ఆ దోషము తగులకుండ ఆయనను గాపాడినది స్వాధ్యాయము. మోఁకాళ్లపై నిలిచి, ప్రార్థించుచు, తొందరలేక చదువుట ఆయన పద్ధతి. ఒకచోట నర్థము కానిదానిని మఱియొకచోటి వాక్యముతో సరిచూచికొనుట ఆయన వ్యాఖ్యానరీతి. గ్రంథమునకు గ్రంథమే వ్యాఖ్యయను నీ న్యాయము వైయాకరణులకుఁ గ్రొత్తది కాదు; సూత్రమునకు సూత్రాంతరముచే నర్థనిర్ణయము చేయుట వారికి నిత్యకృత్యము.

ప్రవచనకాలము ఆయన జీవితమున దీర్ఘమైనది. 1937లో పంజాబునందలి మార్టిన్‌పురమున ఆయన బోధచేఁ గలిగిన సంచలనము ప్రసిద్ధము. 1941లో మద్రాసున "యెహోవా షమ్మా" అను స్థానమును నెలకొల్పెను. ఆ సంవత్సరముననే పరిశుద్ధసమావేశము లారంభమయ్యెను. అటుపిమ్మట హైదరాబాదు హెబ్రోను ఆయనకు ముఖ్యనివాసమయ్యెను. ఆయన ఆంగ్లమున మాటలాడఁగా, ప్రక్కన నిలిచిన యనువాదకుఁడు తెలుఁగునఁ జెప్పువాఁడు. శ్రోతలు తమతమ బైబిళ్లను వెంటఁదెచ్చికొని, చెప్పిన యధ్యాయవాక్యములను బుట త్రిప్పి చూచికొనువారు. ఆ ప్రసంగములనే వినువారు వ్రాసికొనఁగా, నవి పుస్తకములై వెలువడెను. కీర్తనలకై "సీయోను గీతములు" అను సంపుట మేర్పడెను. ఇట్లు ఒక్కగ్రంథమును జదివినవాఁడు తనచుట్టును జదువరుల సమాజమునే యేర్పఱచెను. వినుటతోఁ దృప్తిపడక, విన్నదానిని గ్రంథమున వెదకి చూచుట యను నలవాటు సామాన్యజనమునకుఁ బట్టువడుట చిన్నపని కాదు.

ఇచటఁ బూర్వపక్ష మొకటి గలదు. ఒక్క గ్రంథమునే చదువువాఁడు కూపస్థమండూకమువంటివాఁడగును. పత్రికలను, కావ్యములను, చరిత్రలను విడిచినవానికి లోకజ్ఞాన మెట్లు కలుగును? అట్టివాని మార్గమే కాపరులందఱకు నాదర్శమైనచో సంఘము సంకుచితమగును గదా? ఈ యాక్షేపము త్రోసివేయఁదగినది కాదు.

దీనికి సమాధానము చెప్పుటకు ముందు, ఆ గ్రంథము నిజముగా నొక్కటియేనాయని చూడవలసియున్నది. ప్రొటెస్టంటుల బైబిలున 66 పుస్తకములు గలవు: పాతనిబంధనమున 39, క్రొత్తనిబంధనమున 27. మొదటిభాగము హీబ్రూభాషలోను, కొంత యరమాయికుభాషలోను, రెండవభాగము గ్రీకుభాషలోను వ్రాయఁబడెను. అందుఁ జరిత్రలు, ధర్మశాస్త్రము, గీతములు, సామెతలు, లేఖలు గలవు. కావున అది గ్రంథమనుటకంటె నొక చిన్న గ్రంథాలయమనుట యొప్పును.

అది తెలుఁగుచదువరి చేతికి వచ్చిన చరిత్ర మింకను బహుళము. జర్మనుదేశీయుఁడు బెంజమిను షుల్జు 1726లో మద్రాసు చేరి తెలుఁగు నేర్చి, బైబిలును దెలిఁగించెను. అది లిఖితరూపముననే నిలిచిపోయెను. ఆయన స్వదేశమునకు మరలి, హాలె పట్టణమున 1746–47 సంవత్సరములలోఁ జిన్న తెలుఁగుపుస్తకములఁ గొన్నింటి నచ్చువేయించెను. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాను, డెగ్రాంజి యనువారిలో మొదటివాఁడు 1809లోను, రెండవవాఁడు 1810లోను మరణించిరి. డెగ్రాంజికి ఆనందరాయరను బ్రాహ్మణుఁడు తోడ్పడఁగా సిద్ధమైన మూఁడు సువార్తలు 1812లో శ్రీరామపురమున వెలువడెను. ఆ సంవత్సరము మార్చిలోనే ఆ ముద్రణాలయ మగ్నిపాలయ్యెను. అయినను పని యాగలేదు. 1814లో విలియం కేరీ తెలుఁగువ్యాకరణమును, 1818లోఁ గ్రొత్తనిబంధనమును అక్కడ నచ్చుపడెను. తరువాత విశాఖపట్టణమున జాన్ హే మున్నగువారు పాఠమును సంస్కరించిరి. హెబ్రోనున పుటత్రిప్పిన ప్రతి తెలుఁగుచదువరియు, తానెఱుఁగకయే, యీ పరంపరయంతటికిని ఋణపడియున్నాఁడు. ఏకగ్రంథపఠనము సాధ్యమగుటకు అనేకుల బహుగ్రంథపరిశ్రమ కారణమైనది.

ఇంతటితో సమాధానము ముగియలేదు. భక్తసింగునకు స్వాధ్యాయమున నే గ్రంథమును జాలెనో, ప్రవచనమున నది యొక్కటియే చాలలేదు. ఆయనకుఁ దెలుఁగువారితో మాటలాడుటకు అనువాదకుఁడు కావలసివచ్చెను. ఆ యనువాదకుఁడు పలికిన తెలుఁగు బైబిలునుండి మాత్రమే వచ్చినది కాదు. ఇంటిభాషనుండి, పొలముపనులనుండి, సామెతలనుండి, కథలనుండి, పద్యములనుండి వచ్చినది. పంజాబువాఁడైన భక్తసింగు తెలుఁగు చదువకపోయినను అనువాదకుఁ డా కొఱఁతను దీర్చెను. తెలుఁగుకాపరికి అట్టి యనువాదకుఁడు లేఁడు, తానే అనువాదకుఁడు. కావున భక్తసింగు చదువు తెలుఁగుకాపరికి స్వాధ్యాయమున నాదర్శము కాఁదగును. ప్రవచనమున నాదర్శమైనచో లోపమే మిగులును. ఈ భేదమును గమనింపక ఆయన మార్గము నక్షరశః యనుసరింపఁబూనువారు ఆయన పొందిన సహాయమును మఱచినవారగుదురు.

అట్లయినఁ గాపరికిఁ బఠనీయము లెవ్వి? మొదటిది మూలగ్రంథమే, దానితోఁగూడ మూలభాషాపరిచయము. ఇందుకుఁ బండితా రమాబాయి మంచి యుదాహరణము. సంస్కృతపాండిత్యముచే 1878లోఁ గలకత్తాపండితులవలన బిరుదము లందిన యా విదుషి, క్రైస్తవమతము నవలంబించిన పిమ్మట హీబ్రూ గ్రీకుభాషలను నేర్చి, బైబిలును సామాన్యస్త్రీలకును దెలియునట్టి మరాఠీలోనికిఁ బరివర్తించెను. 1922లో మరణించువఱకు ఆమె కదియే కార్యమయ్యెను. వ్యాకరణజ్ఞానము భక్తికి విరోధి కాదనుట కింతకంటె నిదర్శనము వలదు.

రెండవది పురుషోత్తమ చౌదరి కీర్తనలు. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో వంగబ్రాహ్మణకుటుంబమునఁ బుట్టిన యీ కవి 1833లోఁ గటకమున బాప్తిస్మము పొంది, బోధకుఁడై, 1890వఱకు జీవించెను. పరదేశపు రాగములకుఁ దెలుఁగుమాటల నతుకక, దేశీయమైన రాగతాళములయందే కీర్తనలను రచించెను. "ఆంధ్రక్రైస్తవ కీర్తనలు" అను సంపుటమున నవి నేఁటికిని గలవు. ప్రాసయతులు తెలిసిన బోధకుఁ డెట్లు మాటలాడునో వానివలన నేర్వవచ్చును. మన సాహిత్యచరిత్రకారులు చౌదరిని దఱచుగ విడిచిపెట్టుట వారి లోపమే. క్రైస్తవబోధకు లాయన కీర్తనలను బాడుచు నాయన భాషను జదువకుండుట వీరి లోపము.

మూఁడవవర్గము ఆత్మపరీక్షకుఁ దోడ్పడు గ్రంథములు: నాలుగవ శతాబ్ద్యంతమున రచన మారంభమైన యగస్టీను ఆత్మవృత్తాంతము; 1678లోఁ బ్రథమభాగము వెలువడిన జాన్ బన్యను యాత్రికుని ప్రయాణము; 1922లో ఉర్దూలో వెలసిన సాధు సుందరసింగు సంభాషణగ్రంథము. అగస్టీనుఁడును బిల్లవాని పిలుపువంటి యొక కంఠము విని గ్రంథమును విప్పి చదివినవాఁడే. ఆయన కథ విన్నిపెగు రాత్రికి మిక్కిలి దగ్గఱిది. అయినను ఆయన తన పూర్వపు లాటినువిద్యను బాఱవేయలేదు. దానినే వ్యాఖ్యానమునకు సాధనము గావించికొనెను.

నాలుగవది తెలుఁగువాఙ్మయము. పోతన భక్తిని, తిక్కన సంభాషణమును, వేమన సూటిమాటను ఎఱుఁగనివాఁడు తెలుఁగువారి హృదయమును దట్టలేఁడు. 1852లో వెలువడిన బ్రౌనుదొర నిఘంటువు చేతఁబట్టికొన్న కాపరికి మాటయందు జాగరూకత యలవడును. పరమతగ్రంథముల నింతగాఁ జదువవలయునా యని శంకింపఁబనిలేదు. ఇది మతస్వీకారము కాదు, భాషాస్వీకారము.

వ్యవహారకాలము మిగిలినది. భక్తసింగు 2000వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీని హైదరాబాదున మరణించెను. హెబ్రోనునుండి వెడలిన యంతిమయాత్రలో నసంఖ్యాకులు నడిచిరి. నారాయణగూడ క్రైస్తవశ్మశానవాటికలో ఆయనను బాఁతిపెట్టిరి. చదివినది నడవడియందుఁ గనఁబడినందుననే అంతజనము గూడెను. పుటలసంఖ్య వలనఁ గాదు. ఆ చేరువనే చిక్కడపల్లియందు నగరకేంద్రగ్రంథాలయము గలదు. అశోకనగరపు విద్యాలయములలోఁ బోటీపరీక్షలకు సిద్ధపడు యువజనులు అందు దినమెల్లఁ గూర్చుండి యనేకగ్రంథములను జదువుచుందురు. వారి చదువు పరీక్షదినముతో ముగియునట్టిది. ఆయన చదువు మరణముతోఁగాని ముగియనిది. ఆ రెండును నొక్క పేటయందే సాగుచుండుట గమనింపఁదగినది. బహుగ్రంథపఠనమునకు ఆ నిలుకడయు, ఏకగ్రంథపఠనమునకు ఆ విస్తృతియు గూడినపుడే విద్యకు నాలుగుకాలములును సఫలములగును. తెలుఁగుకాపరుల చదువును, వారు చదివిన ప్రతులను, వారు వాడిన తెలుఁగును సేకరించి పరిశీలించుట విద్వత్పరిషత్తుల కుచితమగు కార్యము.