పెద్ద వయసులో తెలిసే ఆటిజం – థెరపీ

ఆటిజం ఉందని పెద్దయ్యాక తెలుసుకున్నవారికి ఇచ్చే థెరపీ ఆటిజాన్ని పోగొట్టేది కాదు. ఆటిజం జబ్బు కాదు, పుట్టుకతో వచ్చే మెదడు తీరు. దాని మూల లక్షణాలకు మందు లేదు. థెరపీ చూసుకునేది దానితోపాటు తరచూ కనిపించే ఆందోళన, కుంగుబాటు, నిద్రలేమి వంటివాటిని. గడిచిన జీవితాన్ని ఈ కొత్త ఎరుకతో మళ్లీ అర్థం చేసుకోవడానికి తోడుండడమూ అందులో భాగమే.

నిర్ధారణ ఇంత ఆలస్యం కావడానికి కారణం చాలావరకు వైద్యశాస్త్ర చరిత్రలోనే ఉంది. 1980లో అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం-3 దీన్ని ‘శైశవ ఆటిజం’గానే చేర్చింది. మాటలు బాగా వచ్చి, చదువులో రాణించే పిల్లలు ఆ నిర్వచనంలో ఇమడలేదు. 1981లో బ్రిటిష్ మనోవైద్యురాలు లోర్నా వింగ్, మాటలు బాగా వచ్చినవారిలో కనిపించే ఆటిజం రూపమైన ఆస్పర్జర్ సిండ్రోమ్‌పై రాసిన వ్యాసంతో చూపు మారింది. 1994లో డీఎస్ఎం-4 ఆ సిండ్రోమ్‌ను చేర్చుకుంది. 2013లో డీఎస్ఎం-5 ఈ రకాలన్నిటినీ ఆటిజం స్పెక్ట్రమ్ కిందికి తెచ్చింది. అప్పటికే పెద్దవాళ్లయిపోయినవారు, ముఖ్యంగా స్త్రీలు, లెక్కలోకి రాకుండా మిగిలిపోయారు. తమ బిడ్డకు నిర్ధారణ జరిగినప్పుడు తమ సంగతి తెలుసుకునే తల్లిదండ్రులూ ఉన్నారు.

తెలిసిన తొలి రోజుల్లో ఊరట, దుఃఖం కలిసే వస్తాయి. ‘పొగరు’, ‘మొండి’, ‘కలుపుగోలుతనం లేదు’ అన్న నిందలకు అసలు కారణం దొరికిందన్న ఊరట. ముందే తెలిసి ఉంటే బతుకు ఇంకోలా ఉండేదన్న దుఃఖం. ఇతరుల్లా కనిపించడానికి ఏళ్ల తరబడి చేసే ప్రయత్నాన్ని మాస్కింగ్ అంటారు. అది మనిషిని లోలోపల అరగదీస్తుంది. 2014లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన ఇంగ్లండ్ అధ్యయనంలో, పెద్దయ్యాక ఆస్పర్జర్ నిర్ధారణ అయిన 374 మందిలో 66 శాతం తమకు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. ఈ విషయాన్ని థెరపిస్టు సూటిగా, మొదట్లోనే అడగాలి.

మామూలు కౌన్సెలింగ్ పద్ధతి వీరికి తరచూ పొసగదు. ‘ఇప్పుడు మీకెలా అనిపిస్తోంది?’ అనే ప్రశ్నకే చాలామంది ఆగిపోతారు. తన భావాన్ని గుర్తించి పేరు పెట్టలేకపోవడాన్ని అలెక్సిథైమియా అంటారు. ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందిలో అది కనిపిస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటోందా, దవడ బిగుసుకుందా అని అడిగితే జవాబు రావచ్చు. బ్రిటన్‌కు చెందిన ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ 2012 మార్గదర్శకాలు, ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడానికి తోడ్పడే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని వీరికి తగ్గట్టు మార్చమంటాయి: రాతలో, బొమ్మల్లో వివరించడం, నిబంధనలు స్పష్టంగా చెప్పడం, డొంకతిరుగుడు మాటలు మానడం, మధ్యమధ్యలో విరామం, వారికి ప్రాణప్రదమైన ఆసక్తులను ఉపయోగించుకోవడం. కళ్లలోకి చూడాలని పట్టుబట్టకూడదు. కళ్లు చెదిరే ట్యూబ్‌లైటు ఆర్పడం కూడా చికిత్సలో భాగమే.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. ‘నలుగురూ నన్ను వింతగా చూస్తారు’ అన్న మాటను తప్పుడు ఆలోచనగా కొట్టిపారేస్తే అన్యాయమే. చాలామందికి అది నిజంగా జరిగిన అనుభవం. అలాగే చెవులు చిల్లులు పడే రద్దీ శబ్దం పెట్టే బాధ భయం లాంటిది కాదు. అలవాటు చేసుకోమనడం కన్నా హెడ్‌ఫోన్లు మేలు. ఆటిజం ఉన్నవారికీ లేనివారికీ మధ్య అపార్థం రెండువైపులా ఉంటుందని పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించాడు. అందుకే ఆ వ్యక్తి ఒప్పుకుంటే, జీవిత భాగస్వామినో ఇంట్లోవారినో కూర్చోబెట్టి మాట్లాడడం మంచిది.

భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించిన వైకల్యాల్లో చేర్చింది. వైకల్య ధ్రువపత్రం కోసం ఆటిజం తీవ్రతను కొలిచే ఐఎస్ఏఏ కొలమానం సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో రూపొందింది. తెలుగు రాష్ట్రాల్లో ఆటిజం థెరపీ కేంద్రాలు ప్రధానంగా పిల్లల కోసం నడుస్తున్నవే. అందువల్ల పెద్దలు ఎక్కువగా కుంగుబాటుతోనో ఆందోళనతోనో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తారు; బాల్యం గురించి, శబ్దాలూ స్పర్శల గురించి అక్కడ ఎవరైనా అడిగితేనే ఆటిజం బయటపడుతుంది.