పాత పికప్ ట్రక్కుల్లో క్రూయిజ్ కంట్రోల్ మరమ్మతు

క్రూయిజ్ కంట్రోల్ అంటే డ్రైవరు ఎంచుకున్న వేగాన్ని, యాక్సిలరేటరు మీద కాలు లేకుండానే, నిలకడగా ఉంచే ఏర్పాటు. అమెరికాలో 1980ల నుంచి 2000ల తొలి సంవత్సరాల దాకా తయారైన పికప్ ట్రక్కులు ఇంకా లక్షల సంఖ్యలో తిరుగుతున్నాయి. మన దగ్గర పికప్ అనగానే సరుకుల బండి గుర్తొస్తుంది. అక్కడ అది పొలానికీ, ఉద్యోగానికీ, కుటుంబ ప్రయాణానికీ వాడే ఇంటి బండి. ఒక్కో రాష్ట్రం దాటడానికే గంటల తరబడి తిన్నని రోడ్డు మీద నడపాల్సిన దేశంలో క్రూయిజ్ మూగబోతే ఆ లోటు మోకాలికీ మడమకీ వెంటనే తెలుస్తుంది.

ఈ వ్యాసంలో ఎక్కువ భాగం 1990ల నాటి ఫోర్డ్ ఎఫ్-సిరీస్ ట్రక్కులకు సంబంధించినది. అదే కాలపు డాడ్జ్, షెవ్రోలే బండ్లలో భాగాల స్థానాలు వేరైనా వెతికే పద్ధతి దాదాపు ఒకటే.

పుట్టుక

ఈ పరికరానికి మూలపురుషుడు రాల్ఫ్ టీటర్ (1890–1982). ఇండియానా రాష్ట్రంలోని హేగర్స్‌టౌన్‌కు చెందిన ఈ ఇంజనీరు ఐదేళ్ల వయసులో ప్రమాదంలో చూపు కోల్పోయాడు. అయినా ఇంజనీరింగు చదివి, పిస్టన్ రింగులు తయారుచేసే పర్ఫెక్ట్ సర్కిల్ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. 1936లో అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘానికీ అధ్యక్షత వహించాడు. తన న్యాయవాది మాట్లాడుతూ కారు నడిపినప్పుడల్లా బండి నెమ్మదించి, మళ్లీ ఎగిరిపడినట్టు దూకడం అతణ్ని ఇబ్బంది పెట్టేదట. కళ్లతో రోడ్డును చూడని మనిషికి ఆ కుదుపు ఇంకా స్పష్టంగా తెలిసి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం గంటకు 35 మైళ్ల పరిమితి విధించడం, వేగాన్ని నిలకడగా ఉంచే పరికరం చేయాలన్న ఆలోచనకు మరింత ఊతమిచ్చింది. 1950లో పేటెంటు వచ్చింది. 1958 మోడలు క్రైస్లర్ ఇంపీరియల్ వంటి కార్లలో ఈ పరికరం మొదటిసారి అమ్మకానికి వచ్చింది. 1973 చమురు సంక్షోభం తరువాత ఇంధనం ఆదా చేసే సాధనంగా దీనికి గిరాకీ పెరిగింది.

పని తీరు

వేగం ఎంతుందో చెప్పే సెన్సరు, డ్రైవరు కోరిక తెలిపే బటన్లు, రెంటినీ పోల్చి నిర్ణయించే మాడ్యూలు, ఆ నిర్ణయం ప్రకారం థ్రాటిల్ కేబులును లాగే సర్వో: ఏ పాత ట్రక్కులోనైనా ఈ నాలుగూ ఉంటాయి. సర్వోలు రెండు రకాలు. పాతవి ఇంజను సృష్టించే వ్యాక్యూంతో ఒక రబ్బరు డయాఫ్రాన్ని లాగి కేబులును కదిలిస్తాయి. తరువాతివాటిలో మాడ్యూలు, చిన్న విద్యుత్ మోటారు ఒకే పెట్టెలో ఉంటాయి. ఆ మోటారుకూ కేబులుకూ మధ్య విద్యుదయస్కాంత క్లచ్చు ఉంటుంది. దానికి కరెంటు ఆగిన క్షణాన స్ప్రింగు థ్రాటిల్‌ను వెనక్కి మూసేస్తుంది.

మరమ్మతు చేసేవారు ముందుగా అర్థం చేసుకోవలసింది ఒకటుంది. ఈ ఏర్పాటును రూపొందించినవారు దానికి ‘వద్దు’ అనడమే ముందుగా నేర్పారు. బ్రేకు నొక్కితే వద్దు, మాన్యువల్ గేరు బండిలో క్లచ్చు తొక్కితే వద్దు, వేగం గంటకు సుమారు 25–30 మైళ్లకు (40–48 కి.మీ.) తక్కువైతే వద్దు, వేగం సంకేతం తెగితే వద్దు. ఇవన్నీ సరే అంటేనే సర్వో కదులుతుంది. అందుకే క్రూయిజ్ పూర్తిగా పనిచేయనప్పుడు చాలాసార్లు సర్వో ఆరోగ్యంగానే ఉంటుంది. అనుమతి ఇవ్వవలసిన ఏదో చవక భాగం మొరాయిస్తూ ఉంటుంది. ముందే సర్వో కొనేసి డబ్బు పోగొట్టుకోవడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

లోపం వెతికే వరుస

మొదట చూడవలసినవి వెనక బ్రేకు లైట్లు. వినడానికి సంబంధం లేనట్టు ఉంటుంది గానీ, ఆ కాలపు అనేక ట్రక్కుల్లో మాడ్యూలుకు బ్రేకు సంగతి తెలిసేది ఆ లైట్లకు వెళ్లే వైరు ద్వారానే. బ్రేకు నొక్కనప్పుడు ఆ వైరుకు బల్బుల ఫిలమెంట్ల గుండా ఎర్తు అందుతుంది. నొక్కితే 12 వోల్టులు వస్తాయి. బల్బులన్నీ మాడిపోయినా, వాటి హోల్డర్లు తుప్పుపట్టి ఎర్తు పోయినా వైరు మీద ఏదీ ఉండదు. బ్రేకు స్థితి తెలియని మాడ్యూలు పనికి ఒప్పుకోదు. పాత బల్బులన్నీ తీసేసి ఎల్ఈడీలు వేయించిన మరునాటి నుంచి క్రూయిజ్ ఆగిపోయిందని వాపోయేవారి సమస్య ఇదే. ఎల్ఈడీ గుండా ఆ చిన్నపాటి ఎర్తు అందదు. ఆ సర్క్యూటులో ఒక మామూలు బల్బును తిరిగి పెట్టడంతోనో, తగిన రెసిస్టరు కలపడంతోనో పని చక్కబడుతుంది.

లైట్లు అసలు ఆరకుండా వెలుగుతూ ఉంటే పెడలు దగ్గరి స్విచ్చి సర్దుబాటు తప్పిందన్నమాట. బ్రేకు నొక్కే ఉందని మాడ్యూలు నమ్ముతుంది.

ఆ తరువాత హారను. చాలా ఫోర్డ్ ట్రక్కుల్లో స్టీరింగు మీది క్రూయిజ్ బటన్లకు కరెంటు హారను సర్క్యూటు నుంచే వస్తుంది. హారను మోగకపోతే ముందు దాని ఫ్యూజు చూడాలి. ఫ్యూజు బాగుండి, హారనూ క్రూయిజూ రెండూ మూగబోతే అనుమానం క్లాక్ స్ప్రింగ్ మీదికి వెళుతుంది. స్టీరింగు తిరుగుతున్నా వైర్లు తెగకుండా, గడియారం స్ప్రింగులా చుట్టుకుని విప్పుకునే పలచని రిబ్బను అది. ఏళ్ల తరబడి మలుపులకు అది తెగుతుంది. ఎయిర్‌బ్యాగు ఉన్న బండిలో డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు లైటు కూడా వెలుగుతుంటే అనుమానం బలపడుతుంది. ఎఫ్-150లో డ్రైవరు ఎయిర్‌బ్యాగు 1994 మోడలు నుంచి ఉంది. ఆ స్టీరింగు విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, నిల్వ ఉన్న విద్యుత్తు ఇంకిపోయేదాకా, తయారీదారు మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాలి. ఈ ఒక్క విషయంలో తొందర అసలు పనికిరాదు.

బటన్లను మల్టీమీటరుతో పరీక్షించవచ్చు. ఫోర్డ్ పద్ధతిలో ఒక్కో బటనుకు ఒక్కో రెసిస్టరు ఉంటుంది. కోస్ట్ నొక్కితే సుమారు 120 ఓంలు, సెట్ నొక్కితే 680, రెజ్యూమ్ నొక్కితే 2,200 చూపించాలి. ఆఫ్ నొక్కితే దాదాపు సున్నా. స్టీరింగును ఒక చివరి నుంచి మరో చివరికి నెమ్మదిగా తిప్పుతూ కొలవాలి. అంకె మధ్యలో ఎగిరిపడితే క్లాక్ స్ప్రింగ్ పోయినట్టే. నిశ్చలంగా ఉంచి కొలిస్తే ఈ లోపం దొరకదు.

వేగం సంకేతం సంగతి తేలిగ్గా తేలుతుంది. స్పీడోమీటరు ముల్లు వణుకుతున్నా, చచ్చుబడినా కారణం అక్కడే ఉంది. ముల్లు వణికే బండిలో క్రూయిజ్ కూడా ఆయాసపడుతున్నట్టు వేగం పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. ముల్లు స్థిరంగా ఉండి బండి మాత్రం ఊగుతుంటే సర్వో కేబులులో వదులునూ, థ్రాటిల్ దగ్గర పేరుకున్న జిడ్డునూ చూడాలి.

వ్యాక్యూం సర్వోలు

చదును రోడ్డు మీద బాగానే పనిచేసి, ఎత్తు ఎక్కేటప్పుడు వేగం జారవిడిస్తే అది వ్యాక్యూం లోపానికి స్పష్టమైన గుర్తు. పెట్రోలు ఇంజనులో థ్రాటిల్ ఎంత తెరుచుకుంటే వ్యాక్యూం అంత తగ్గుతుంది. సరిగ్గా సర్వోకు ఎక్కువ బలం కావలసిన వేళే సరఫరా పడిపోతుంది. ఆ లోటు తీర్చడానికి ఒక నిల్వ డబ్బా, గాలి వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు పెడతారు. ఆ వాల్వు కారినా, రబ్బరు పైపు పగిలినా నిల్వ ఉండదు. 1990ల డాడ్జ్ రామ్ ట్రక్కుల్లో సర్వో బ్యాటరీ ట్రే కింద ఉంటుంది. పైనుంచి కారిన ఆమ్లం దాన్నీ, దాని పైపుల్నీ తినేస్తుంది. చేతి పంపుతో సర్వోకు వ్యాక్యూం ఇచ్చి అది నిలుస్తుందో లేదో చూస్తే డయాఫ్రం సంగతి తెలిసిపోతుంది. బ్రేకు పెడలు దగ్గర, నొక్కగానే గాలిని లోపలికి వదిలే చిన్న వాల్వు ఒకటుంటుంది. దాని సర్దుబాటు తప్పినా వ్యాక్యూం నిలవదు. డీజిలు ఇంజన్లలో ఇంజను నుంచి వ్యాక్యూం రాదు గనుక దానికి వేరే పంపు ఉంటుంది.

ఫోర్డ్ డీయాక్టివేషన్ స్విచ్చి

పాత ఫోర్డ్ ట్రక్కు కొన్నవారు మరేదీ విప్పకముందే తెలుసుకోవలసిన చరిత్ర ఇది. బ్రేకు లైటు స్విచ్చి విఫలమైనా క్రూయిజ్ ఆగేలా, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ద్రవ పీడనంతో తెరుచుకుని సర్వో క్లచ్చు కరెంటును తెంపే రెండో స్విచ్చిని ఫోర్డ్ బ్రేకు వ్యవస్థకు బిగించింది. ఆలోచన మంచిదే. కానీ స్విచ్చిలో ఒకవైపు బ్రేకు ఆయిలు, మరోవైపు విద్యుత్తు. రెంటికీ మధ్య ఉన్నది పలచని పొర మాత్రమే. పైగా అనేక బండ్లలో తాళం తీసేసినా ఆ స్విచ్చికి కరెంటు అందుతూనే ఉండేది. పొర పగిలి ఆయిలు కారి, లోపల తుప్పుపట్టి, షార్టు అయి, నిలిపి ఉంచిన బండ్లు మంటల్లో చిక్కుకున్నాయి. ఇళ్ల గరాజుల్లోనూ ఇలా జరిగింది.

2005 సెప్టెంబరులో ఫోర్డ్ 1994–2002 మోడళ్లకు చెందిన 38 లక్షల ట్రక్కులను, ఎస్‌యూవీలను వెనక్కి పిలిచింది. 1999లో మొదలై 2009 దాకా విడతలుగా సాగిన ఈ రీకాల్ మొత్తం ఒక కోటీ 40 లక్షల వాహనాలు దాటింది. మరమ్మతు భాగాలు అందేలోగా డీలర్లు చేసిన తాత్కాలిక పని ఆ స్విచ్చి కనెక్టరును ఊడదీసి ఉంచడం. బ్రేకులకు ఏమీ కాదు, క్రూయిజ్ మాత్రం పనిచేయదు. తరువాత ఫ్యూజు ఉన్న చిన్న వైరింగు జోడించాలి. అందుకు తిరిగి రాని బండ్లు ఉన్నాయి. అవే చేతులు మారి, ‘క్రూయిజ్ చెడిపోయింది’ అన్న మాటతో కొత్త యజమాని దగ్గరికి వస్తాయి.

అందువల్ల బ్రేకు మాస్టర్ సిలిండరు దగ్గర వేలాడుతున్న కనెక్టరు కనబడితే దాన్ని సంతోషంగా తిరిగి తగిలించకూడదు. బండి 17 అక్షరాల గుర్తింపు సంఖ్యతో రీకాల్ పూర్తయిందో లేదో డీలరు దగ్గర కనుక్కోవాలి. కనెక్టరులో తడి, బ్రేకు ఆయిలు జాడ ఉంటే స్విచ్చి మార్చాలి, ఫ్యూజు వైరింగు బిగించాలి. స్విచ్చిని తప్పించి రెండు వైర్లూ నేరుగా కలిపేస్తే క్రూయిజ్ వెంటనే లేచి కూర్చుంటుంది, నిజమే. కానీ ప్రాణం కాపాడడానికి పెట్టిన రెండో అడ్డును అలా తీసేయడం మరమ్మతు కాదు. అలా కలిపి ఇచ్చే మెకానిక్ చేతికి బండి మళ్లీ అప్పగించకపోవడం మేలు.

సర్వో మార్చడం, పరీక్ష

ఇవన్నీ సరిగ్గా ఉండి, సర్వో కనెక్టరు దగ్గర కరెంటు, ఎర్తు, వేగం సంకేతం అందుతున్నాయని తేలాకే సర్వో మీద అనుమానపడాలి. కొత్తవి దొరకని మోడళ్లకు పాత బండ్ల యార్డులే దిక్కు. పైకి ఒకేలా ఉన్నా ఇంజనును బట్టి కేబులు పొడవు, మాడ్యూలు మారతాయి గనుక భాగం సంఖ్య సరిపోల్చుకోవాలి. బిగించాక ఇంజను ఆపి, యాక్సిలరేటరును చివరిదాకా నొక్కి వదిలితే థ్రాటిల్ టక్కున మూసుకోవాలి. కేబులు ఎక్కడా పట్టేయకూడదు, మరీ బిగువుగానూ ఉండకూడదు.

రోడ్డు పరీక్షకు పొడిగా, ఖాళీగా ఉన్న దారి కావాలి. వేగం నిలిచిందని చూడగానే బ్రేకును పైపైన తాకి విడిపించాలి. మళ్లీ సెట్ చేసి ఆఫ్ బటనుతో, మాన్యువల్ గేరు అయితే మరోసారి క్లచ్చుతో విడిపించాలి. వీటిలో ఏ ఒక్కదానికి విడవకపోయినా ఆన్ బటను నొక్కకుండా బండిని తిరిగి షెడ్డుకు తేవాలి.