గనిలోకి దిగని నోట్సు

2012లో యూనివర్సిటీ హాస్టల్లో నా గది నేస్తం జియాలజీ ఎమ్మెస్సీ చదివేది. నేను అప్పుడే తెలుగులో పిహెచ్.డి. మొదలుపెట్టాను. పరీక్షల ముందు తను రాత్రుళ్లు పైకి చదువుతుంటే వినీ వినీ, ముడిఖనిజాలు ఎలా పుడతాయో నాకూ కొంత వచ్చేసింది. భూమి లోతుల్లో వేడెక్కిన ఉప్పునీరు రాళ్లలో చెదురుమదురుగా ఉన్న రాగినీ సీసాన్నీ కరిగించుకుని పగుళ్లవెంట కదులుతుంది. చల్లబడ్డప్పుడో, ఒత్తిడి తగ్గినప్పుడో, మరో రకం రాయి తగిలినప్పుడో మోసుకొచ్చిన లోహాన్ని అక్కడే వదిలేస్తుంది. వేల ఏళ్లు అలా వదిలితే మనం తవ్వుకునేంత పోగవుతుంది.

ఆ ఏడాది వాళ్ల క్లాసుని ఒక రాగి గనికి తీసుకెళ్లారు. మగపిల్లలు హెల్మెట్లు పెట్టుకుని కిందికి దిగారు. ఐదుగురు ఆడపిల్లల్నీ ఆఫీసు వరండాలో కూర్చోబెట్టి, డ్రిల్లింగులో తీసిన రాతి కడ్డీలు చూపించారట. "చట్టం ఒప్పుకోదమ్మా" అన్నారట వెంట వచ్చిన మాస్టారు. రికార్డులో గని లోపలి బొమ్మ వెయ్యాల్సిన చోట తను ఒక క్లాస్‌మేట్ బొమ్మ చూసి వేసుకుంది. మార్కులు బాగానే వచ్చాయి.

ఆయన చెప్పిన చట్టం 1952 నాటి గనుల చట్టం, 46వ సెక్షన్. అది మాట్లాడింది భూగర్భంలో ఆడవాళ్ల ఉద్యోగం గురించి. చూడటానికి వెళ్లిన విద్యార్థిని గురించి కాదు. అసలు ఆ నిషేధం అంతకంటే పాతది. బ్రిటిష్ ప్రభుత్వం 1929లో నియమాలు చేసి, ఆడవాళ్లని గని లోపలి పనినుంచి కొద్దికొద్దిగా తప్పిస్తూ 1937కల్లా బయటికి పంపింది. యుద్ధానికి బొగ్గు కావలసొచ్చేసరికి 1943లో మళ్లీ దింపింది. యుద్ధం ముగిశాక 1946లో మళ్లీ పైకి పంపింది. ఆ మధ్య మూడేళ్లూ స్త్రీల రక్షణ ఎక్కడికి పోయిందో!

నా థీసిస్ స్త్రీల అనువాదాల మీద. ఆ పనిలోనే లూ హెన్రీ హూవర్ తగిలింది. 1898లో స్టాన్‌ఫర్డ్‌లో జియాలజీ పట్టా పొందిన మొదటి స్త్రీ ఆమె. మరుసటేడు మైనింగ్ ఇంజనీర్ హెర్బర్ట్ హూవర్‌ని పెళ్లాడింది. ఇద్దరూ కలిసి 1556లో అచ్చయిన అగ్రికోలా గనుల గ్రంథం 'డి రే మెటాలికా'ని లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చారు. అది 1912లో లండన్‌లో వెలువడింది. భాష మీద పట్టు ఆమెది. జర్మన్ గని కార్మికుల మాటలకు లాటిన్‌లో పదాలు లేక అగ్రికోలా వందల మాటలు తనే కల్పించుకున్నాడు. అలాంటి చోట నిఘంటువు ఏం చెబుతుంది? రాయి తెలిసినవాళ్లే అర్థం చెప్పాలి. అనువాదకురాలికి విషయజ్ఞానం కూడా ఉండాలని మనం సెమినార్లలో అంటూంటామే, ఇక్కడ అది అక్షరాలా నిజం. 1914లో అమెరికా గనుల, లోహశాస్త్రాల సంఘం బంగారు పతకం ఇద్దరికీ కలిపే ఇచ్చింది. 1929లో ఆయన దేశాధ్యక్షుడయ్యాడు. ఆ తర్వాత ఆమె చాలామందికి అధ్యక్షుడి భార్యగానే తెలుసు.

ఆ పుస్తకంలో ఖనిజాల పుట్టుక గురించిన అధోజ్ఞాపికలు కొన్ని పేజీల్లో మూలాన్ని మించిపోతాయి. లోహసిరలు భూమితోపాటే పుట్టాయన్న మాటను అగ్రికోలా ఒప్పుకోలేదు. రాతిలో దారులు తర్వాత ఏర్పడ్డాయనీ, వాటిలో పారిన ద్రవాలు లోహాన్ని నింపాయనీ 1546లోనే రాశాడు. నా నేస్తం రాత్రుళ్లు చదివిన పాఠానికి అది తొలి రూపం.

అంతకుముందు యూరప్‌లో చాలామంది లోహాలు భూమాత గర్భంలో పెరుగుతాయని నమ్మారు. మనకూ భూమి రత్నగర్భ. ఆ తల్లి రూపకం ఒకప్పుడు తవ్వకానికి అడ్డుగా నిలిచిందని కరొలిన్ మర్చంట్ 1980లో రాసింది. నాకు సగమే నమ్మకం కుదిరింది. తల్లి అన్న చోటే కూతుళ్లను కిందికి దిగనివ్వలేదు కదా. ఫ్రాన్సులో మార్టిన్ ద బెర్తెరో భర్తతో కలిసి దేశమంతా తిరిగి ఖనిజాలు వెతికింది. 1640లో ఆ గనుల వివరాలు రాసి కార్డినల్ రిషిల్యూకి అంకితమిచ్చింది. రెండేళ్లకే ఆమెను జైల్లో పెట్టారు, అక్కడే చనిపోయింది. అగ్రికోలా పుస్తకంలోని బొమ్మల్లో బల్ల ముందు రాళ్లు ఏరుతూ ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

2019 జనవరిలో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజరు ఉద్యోగాల్లోని స్త్రీలను, వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, పగటిపూట గని లోపలికి అనుమతించింది. ఆ వార్త చూసి నేస్తానికి ఫోన్ చేశాను. తను అప్పటికి ఇంటర్ పిల్లలకి ట్యూషన్లు చెబుతోంది.

"నా రికార్డు ఇంకా ఉందే" అంది. "వాడు నిచ్చెన సరిగ్గా వేశాడో లేదో నాకిప్పటికీ తెలీదు."