పైత్యరస తిరోగమనం

చిన్నపేగు మొదట్లోకి చేరిన పైత్యరసం వెనక్కి మళ్లి జీర్ణాశయంలోకి, అక్కడి నుంచి ఆహారవాహికలోకి ఎగదన్నడమే పైత్యరస తిరోగమనం. పైపొట్టలో మంట, వికారం, పసుపుపచ్చగా చేదు వాంతి దీని లక్షణాలు. ఖాళీ కడుపుతో పదేపదే వాంతి చేసుకుంటే ఎవరికైనా పసరు పడుతుంది. అది ఒక్కటే జబ్బుకు రుజువు కాదు.

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. అది పైకి రాకుండా జీర్ణాశయం చివర పైలోరస్ అనే కవాటం, ఆహారవాహిక అడుగున కండర వలయం కాపలా ఉంటాయి. వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ 1881లో క్యాన్సర్ సోకిన పైలోరస్‌ను కోసి తీసి చూపాక వ్యాపించిన జీర్ణాశయ ఆపరేషన్లలో చాలావాటి తర్వాత ఆ మొదటి కవాటమే మిగలదు. పిత్తాశయం తీయించుకున్నవారిలోనూ కొందరికి ఈ బాధ వస్తుంది.

ఆహారవాహిక పుండుపడటానికి ఆమ్లం ఒక్కటే కారణమని చాలాకాలం అనుకున్నారు. నిజానికి ఆమ్లం, పైత్యరసం రెండూ కలిసినప్పుడే హాని ఎక్కువ. ఆమ్లం సమక్షంలో కొన్ని పైత్య లవణాలు విద్యుదావేశం కోల్పోయి కణాల పొర దాటి లోపలికి చొరబడతాయి. అక్కడ మళ్లీ ఆవేశం పొంది బయటకు రాలేక కణాన్ని దెబ్బతీస్తాయి. ఏళ్ల తరబడి ఇలా సాగితే లోపొర పేగు పొరలా మారిపోవచ్చు. నార్మన్ బ్యారెట్ 1950లో రాసిన వ్యాసం వల్ల ఆయన పేరు పడిన ఈ మార్పు కొద్దిమందిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది.

నిర్ధారణకు ముందుగా చేసేది ఎండోస్కోపీ. పైత్యరసంలోని బిలిరుబిన్ రంగును ముక్కుగుండా దించిన సన్నని తీగతో 24 గంటలు కొలిచే బిలిటెక్ అనే పరికరం పరిశోధనల్లో బాగా వాడారు. ఆ రోజంతా రంగులేని తిండే తినాలి. పసుపు వేసిన పులుసు తింటే లెక్క తప్పుతుంది. మన వంటింటికి కష్టమైన పరీక్షే!

ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు కొంత మేలు చేస్తాయి గానీ పైత్యరసాన్ని ఆపవు. అర్సోడిఆక్సీకోలిక్ ఆమ్లం, సుక్రాల్‌ఫేట్ వంటివి కొందరికి ఇస్తారు. ఆపరేషన్ తర్వాత తీవ్రంగా బాధపడేవారికి పైత్యరసాన్ని దిగువ పేగులోకి మళ్లించే రూ-ఎన్-వై అనే పద్ధతి శస్త్రచికిత్స ఉంది.

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళిలోనైనా మరెక్కడైనా మందుల షాపులో గ్యాస్ మాత్ర అడిగి తెచ్చుకుని నెలలకొద్దీ మింగడం మామూలైపోయింది. అలా మింగే పాంటాప్రజోల్ తరగతి మందులు అరుదుగా కిడ్నీలో వాపు తెస్తాయి. పక్కనే ఉద్దానం ప్రాంతం కిడ్నీ జబ్బులతో సతమతమవుతున్న జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. మింగుడు పడకపోయినా, బరువు తగ్గుతున్నా, వాంతిలో నెత్తురు కనిపించినా మాత్రతో సరిపెట్టుకోకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి.