పొగాకు మరణాల దావాలు: కాలపరిమితి చరిత్ర

పొగతాగి చనిపోయిన వ్యక్తి కుటుంబం సిగరెట్ కంపెనీ మీద పరిహారానికి దావా వేయాలంటే చట్టం పెట్టిన గడువులోపే వేయాలి. అమెరికాలో ఈ గడువు రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో రెండేళ్లు, మసాచుసెట్స్‌లో మూడేళ్లు. అది దాటితే దావాకు కాలదోషం పడుతుంది; కంపెనీ తప్పెంతో తేల్చకుండానే కోర్టు కొట్టేస్తుంది.

ఇంగ్లండ్‌లో 1846 నాటి లార్డ్ క్యాంప్‌బెల్ చట్టం మృతుల కుటుంబాలకు పరిహారం అడిగే హక్కునిచ్చి, దానికి పన్నెండు నెలల గడువు పెట్టింది. ఆ బాటలోనే మన దేశంలో 1855లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. దాని కింద వేసే దావాకు 1963 నాటి కాలపరిమితి చట్టం మరణించిన తేదీ నుంచి రెండేళ్లు ఇస్తోంది. ఇవన్నీ రైలు ప్రమాదాల వంటి వాటిని దృష్టిలో పెట్టుకున్న చట్టాలు. దెబ్బ ఎప్పుడు తగిలిందో అక్కడ అందరికీ తెలుసు. సిగరెట్ దెబ్బ దశాబ్దాల పాటు ఒంట్లో దాగి ఉంటుంది. మరి లెక్క ఏ రోజు నుంచి మొదలుపెట్టాలి? 1949లో ఒక రైల్వే కార్మికుడికి వచ్చిన సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు కేసులో అమెరికా సుప్రీంకోర్టు, రోగం బయటపడ్డాకే గడువు మొదలవుతుందని చెప్పింది. రాష్ట్రాల కోర్టుల్లోనూ ఈ ఆలోచన క్రమంగా నాటుకుంది.

అయితే రోగం బయటపడడమంటే ఏమిటి? ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన ఫ్లోరిడావాసి ఒకరు 1995 ఫిబ్రవరి 10న సిగరెట్ కంపెనీ మీద దావా వేశారు. బతికున్న రోగి వేసే అలాంటి దావాకు అప్పట్లో గడువు నాలుగేళ్లు. 1996లో జ్యూరీ ఆ దావాలో 7,50,000 డాలర్లు ఇప్పించింది. ఎక్స్‌రేలో తేడా కనిపించిన నాటి నుంచే గడువు లెక్కించాలని, దావా కొద్ది రోజులు ఆలస్యమైందని 1998లో అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. ఆయనకు ఎప్పుడు తెలిసిందో తేల్చాల్సింది జ్యూరీయేనంటూ 2000లో రాష్ట్ర సుప్రీంకోర్టు జ్యూరీ తీర్పును పునరుద్ధరించింది. ఇది న్యాయమైన తీర్పు. అనుమానంతో ఆసుపత్రికి వెళ్లిన మనిషి ఆ రోజే వకీలు దగ్గరికీ వెళ్లాలనడం అన్యాయం.

అదే రాష్ట్రంలో పొగతాగి జబ్బుపడ్డవారి తరఫున 1994లో మొదలైన ఎంగిల్ సామూహిక దావాలో జ్యూరీ 2000లో 14,500 కోట్ల డాలర్ల దండన పరిహారం విధించింది. 2006లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని రద్దు చేసి, బాధితులు ఎవరికి వారే దావా వేసుకోవాలంది. కానీ కంపెనీల తప్పు గురించి జ్యూరీ తేల్చిన ముఖ్యాంశాలను నిలబెట్టి, దావాలకు తుది ఉత్తర్వు వెలువడిన నాటి నుంచి ఏడాది గడువిచ్చింది. 2008 జనవరిలో అది ముగిసేలోగా వేల దావాలు దాఖలయ్యాయి. వాటిలో ఎన్నో మృతుల కుటుంబాలవి.

పాత జబ్బుకు గడువు దాటినా, అదే పొగాకు వల్ల తర్వాత వచ్చిన వేరే జబ్బుకు కొత్త గడువుంటుందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2011లో తీర్పిచ్చింది. మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 2023లో కుటుంబాలకు కఠినమైన దారి పట్టింది. పొగతాగిన వ్యక్తి దావాకు ఆయన బతికుండగానే కాలదోషం పడితే, ఆయన మరణం మీద కుటుంబం దావా వేయడం అక్కడ కుదరదు.