అడగని ప్రోగ్రాములు

2000ల మొదట్లో ఏ ఉచిత సాఫ్ట్‌వేర్ కావాలన్నా కళ్లు మూసుకుని సోర్స్‌ఫోర్జ్‌కే వెళ్లేదాన్ని. 1999లో వీఏ లినక్స్ సంస్థ మొదలుపెట్టిన ఆ సైటు, సొంత సర్వర్లు పెట్టుకునే స్తోమత లేని ప్రోగ్రామర్లకు చోటిచ్చింది. ఊరి రచ్చబండలా అందరిదీ అనిపించేది.

2013లో డెవ్‌షేర్ వచ్చింది. మనం అడిగినదాంతో పాటు అడగని ప్రోగ్రాముల్ని కూడా ఇన్‌స్టాలర్‌లో అంటగట్టి, వచ్చిన డబ్బు డెవలపర్లతో పంచుకునే పథకం. అది నచ్చక, బొమ్మల్ని సరిదిద్దే ఉచిత ప్రోగ్రాం గింప్‌ను తయారుచేసే బృందం ఆ ఏడాదే తన విండోస్ ఇన్‌స్టాలర్లను తీసేసుకుంది. 2015లో, ఆ వదిలేసిన పేజీని సైటే చేతిలోకి తీసుకుని ప్రకటనల ఇన్‌స్టాలర్ తగిలించింది. నా దృష్టిలో అసలు ద్రోహం ఇదే. ఊరికే రాసిచ్చినవాళ్ల మంచిపేరునే ఎరగా వేశారు.

2016 జనవరిలో సైటు బిజ్‌ఎక్స్ అనే సంస్థ చేతికి వచ్చింది. కొత్త యజమానులు వస్తూనే డెవ్‌షేర్‌ను ఎత్తేశారు. వస్తున్న ఆదాయాన్ని వదులుకోవడం చిన్న విషయం కాదు. తర్వాత ప్రాజెక్టులకు మాల్‌వేర్ తనిఖీ పెట్టారు. కానీ అప్పటికే చాలామంది గిట్‌హబ్ అనే పోటీ సైటుకు తరలిపోయారు.

ఆ ఏడాది చివర్లో ఒక చిన్న ఆడియో ప్రోగ్రాం కోసం మళ్లీ వెళ్లాను. ఇన్‌స్టాలర్‌లో ప్రతి పేజీ చదివి, ప్రతి టిక్కూ చూసుకున్నాకే ‘నెక్స్ట్’ నొక్కాను.